టంకశాల తప్పా, తరువాత తగిలిన దెబ్బా: ఒక సీసాడు నాణేలతో నా అనుభవం

గుంటూరు పట్నంబజారులో చాలాకాలం కిరాణా దుకాణం నడిపిన మా దూరపు బంధువు ఒకాయన, గల్లాపెట్టెలోకి వచ్చిన చిల్లరలో కాస్త తేడాగా కనిపించిన ప్రతి నాణేన్నీ పక్కకు తీసి ఒక గాజు సీసాలో వేస్తూ ఉండేవారు. ఆయన కాలం చేసిన తరువాత ఆ సీసా కుమారుడి చేతికి వచ్చింది. లోపం ఉన్న నాణేలకు లక్షలు పలుకుతాయని చెప్పే వీడియోలు అప్పటికే ఆ అబ్బాయి ఫోనునిండా ఉన్నాయి. అయినా అతను తొందరపడకుండా సీసాను విజయవాడ సత్యనారాయణపురంలోని మా ఇంటికి తెచ్చి, "మావయ్యగారూ, వీటిలో ఏవి టంకశాలలోనే తప్పుపడ్డవో, ఏవి బయటికొచ్చాక దెబ్బతిన్నవో మీరు తేల్చిపెట్టండి, అమ్మకం సంగతి తరువాత చూసుకుందాం" అని అడిగాడు. నేను బ్యాంకులో క్యాషియరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి; నాణేలు సేకరించడం ఉద్యోగంలో ఉన్నప్పటినుంచీ ఉన్న అలవాటు. ఆ సీసాను ఖాళీ చేసి ఒక్కొక్క నాణేన్నీ పరీక్షించిన క్రమాన్ని, ఇలాంటి పని తలపెట్టినవారికి పనికొస్తుందనే ఉద్దేశంతో రాస్తున్నాను.

పరీక్ష మొదలుపెట్టే ముందు అతనికి నేను చెప్పిన మాట ఒక్కటే. నాణెం వింతగా ఉంటే చాలదు, ఆ వింత టంకశాలలో ఏ మెట్టు దగ్గర జరిగి ఉంటుందో చెప్పగలగాలి. చెప్పలేకపోతే దాన్ని ముద్రణ లోపంగా లెక్కించకూడదు. కాబట్టి నాణెం ఎలా తయారవుతుందో ముందుగా తెలిసి ఉండాలి. లోహపు రేకు చుట్టలను యంత్రంలోకి పంపి గుండ్రటి బిళ్ళలుగా కోస్తారు. ఆ బిళ్ళల అంచును నొక్కి కొంచెం పైకి లేపుతారు. కొలిమిలో వేడిచేసి లోహాన్ని మెత్తబరుస్తారు, ఆపైన కడిగి మెరుగు పెడతారు. చివరిగా ఒక్కొక్క బిళ్ళా ప్రెస్సులోకి వెళుతుంది. అక్కడ కింద ఒక అచ్చు, పైన ఒక అచ్చు, చుట్టూ కాలర్ అనే ఉక్కు వలయం ఉంటాయి. దెబ్బ పడిన క్షణంలో లోహం కదిలి అచ్చుల్లోని గుంటలన్నింటిలోకీ పారుతుంది. కాలర్ అడ్డుగా ఉండడంవల్ల పక్కకు పోలేక అంచు సరైన ఆకారం తీసుకుంటుంది. బొమ్మ, బొరుసు, అంచు మూడూ ఏర్పడేది ఆ ఒక్క దెబ్బతోనే. టంకశాలలో జరిగే తప్పులన్నీ బిళ్ళలోనో, అచ్చులోనో, దెబ్బ పడే తీరులోనో జరగవలసిందే. ఆ దెబ్బ పడిన తరువాత నాణేనికి జరిగేది ఏదైనా గాయమే అవుతుంది తప్ప లోపం కాదు.

హైదరాబాదు సైఫాబాదులో 1903 నాటి పాత టంకశాల భవనం ఉంది. నాణేల తయారీ 1997లో చర్లపల్లికి మారింది. ఇప్పుడు మ్యూజియంగా మారిన ఆ పాత భవనం చూస్తే పుస్తకంలో చదివినదానికన్నా ఈ క్రమం బాగా మనసుకు పడుతుంది. ఆ టంకశాల నాణేల మీద సంవత్సరం కింద చిన్న నక్షత్రం ఉంటుంది. ముంబయి నాణేలకు వజ్రపు గుర్తు, నోయిడా నాణేలకు చుక్క ఉంటాయి. కలకత్తా నాణేలకు ఏ గుర్తూ ఉండదు. ఇది ముందే చెప్పడానికి కారణం ఉంది. ఆ సీసాలోని చాలా రూపాయి బిళ్ళలు కేవలం "గుర్తు లేదు" అన్న కారణంతో చేరినవే. అవి కలకత్తాలో తయారైన మామూలు నాణేలు. అలాగే 1985 నాటి రూపాయి మీద సంవత్సరం కింద హెచ్ అక్షరం ఉన్న నాణేలు కూడా కొన్ని వచ్చాయి. ఆ ఏడాది మన రూపాయి నాణేలు కొన్ని బ్రిటన్‌లో ముద్రింపబడ్డాయి, ఆ హెచ్ అక్కడి బర్మింగ్‌హామ్ టంకశాల గుర్తు. వైష్ణోదేవి బొమ్మ ఉన్న అయిదు రూపాయల నాణెం కూడా ప్రభుత్వం స్మారకంగా విడుదల చేసినదే, దానిలో లోపమేమీ లేదు. వీటన్నింటినీ మొదటి విడతలోనే తీసేసేసరికి కుప్ప బాగా తగ్గింది.

మిగిలినవాటిని తీసుకుని వన్‌టౌన్‌లో నాకు తెలిసిన వెండి కొట్టుకు వెళ్ళాను. అక్కడి కాటా గ్రాములో నూరో వంతు వరకు చూపిస్తుంది. నాణేల పనిలో భూతద్దం కన్నా ముందు కావలసింది కాటా అని నా నమ్మకం, ఎందుకంటే కంటికి భ్రమ కలగవచ్చు గాని బరువుకు ఉండదు. 1992 నుంచి వచ్చిన 25 మిల్లీమీటర్ల స్టీలు రూపాయి 4.85 గ్రాములు ఉండాలి. దానికి ముందు 1983 నుంచి వచ్చిన రాగి నికెల్ రూపాయి 6 గ్రాములు, 26 మిల్లీమీటర్లు. పదకొండు మూలల పాత రెండు రూపాయలు కూడా 6 గ్రాములే. బరువైన పాత అయిదు రూపాయల బిళ్ళ 9 గ్రాములు, 23 మిల్లీమీటర్లు. వాడకంలో అరిగినందువల్ల కొద్దిగా తగ్గడం సహజం. ఆ కొద్దిని దాటితే కారణం వెతకాలి.

కాటా దగ్గర మొదట పట్టుబడినవి పలచబడ్డ నాణేలు. ఒక స్టీలు రూపాయి నాలుగు గ్రాములకన్నా తక్కువ తూగింది. ఇలాంటిదాన్ని చూపించి "పలచని రేకు మీద ముద్ర పడింది" అని అమ్మేవారున్నారు. నిజంగా పలచని బిళ్ళ మీద ముద్ర పడితే లోహం చాలక అచ్చులోని లోతైన భాగాలు పూర్తిగా నిండవు, సింహాల ఛాతీ దగ్గర, అక్షరాల మధ్యలో బొమ్మ అసంపూర్ణంగా వస్తుంది. కాని వచ్చినంత మేరకు గీతలు పదునుగానే ఉంటాయి, వ్యాసం తగ్గదు. మా చేతిలోని నాణెంలో జరిగింది వేరు. అన్ని గీతలూ ఒకే తీరుగా మెత్తబడి, నేల, అంటే బొమ్మ లేని చదును భాగం, అంతా సన్నని గరుకుతో మసకబారి, వ్యాసం కూడా తగ్గి ఉంది. అది ఆమ్లం తిన్న నాణెం. ఆమ్లం బొమ్మను, నేలను, అంచును వేరుగా చూడదు, అన్నింటినీ సమంగా తింటుంది. టంకశాలలో జరిగే ఏ తప్పూ అలా అన్ని వైపులా సమంగా తరగదు.

తరువాత అయస్కాంతం. స్టీలు నాణేలలో సుమారు 83 శాతం ఇనుము, 17 శాతం క్రోమియం ఉంటాయి కాబట్టి అవి అంటుకుంటాయి, రాగి నికెల్ నాణేలు అంటుకోవు. ప్రకాశం బ్యారేజీ దగ్గర, రైలు వంతెన కింద తాడుకు అయస్కాంతం కట్టి కృష్ణలో చిల్లర ఏరే పిల్లలను విజయవాడలో చూడనివారుండరు. వాళ్ళ తాళ్ళకు పాత రెండు రూపాయల బిళ్ళ రానిది ఈ తేడావల్లనే. సీసాలో బంగారు రంగు రూపాయి ఒకటి ఉంది. ఇత్తడి బిళ్ళ మీద పొరపాటున పడిన రూపాయి ముద్ర అయి ఉంటుందని ఆ అబ్బాయి ఆశపడ్డాడు. అయస్కాంతానికి అది చటుక్కున అంటుకుంది. లోపల స్టీలే, పైన ఎవరో పూత పూయించారు. అంచు దగ్గర పూత కాస్త లేచి తెల్లటి స్టీలు భూతద్దంలో కనిపించింది కూడా.

నదిలోంచి వచ్చిన నాణేలు ఆ సీసాలో చాలానే ఉన్నాయి. పుష్కరాల కాలంలోనూ, మామూలు రోజుల్లోనూ బస్సు కిటికీల్లోంచి, రైలు తలుపుల్లోంచి కృష్ణమ్మకు వేసిన చిల్లర ఏదో ఒకనాటికి మళ్ళీ దుకాణాల్లోకి చేరుతుంది. ఇసుకలో దొర్లిన నాణేనికి ఎత్తుగా ఉన్న భాగాలన్నీ ముందు అరుగుతాయి, అంచు గుండ్రబడుతుంది, నేలమీద చిన్న చిన్న గుంటలు పడతాయి. అల్యూమినియం పైసలైతే కొన్ని చోట్ల తిని తెల్లటి పొడి పట్టి ఉంటాయి. "సంవత్సరం లేని నాణెం" అని ఆయన దాచుకున్నవాటిలో ఎక్కువ భాగం ఇవే. అచ్చులో నూనె, మురికి పేరుకున్నప్పుడు అక్షరాలు నిజంగానే రాకుండా పోతాయి; కాని అప్పుడు ఆ చోటు మాత్రమే నునుపుగా ఉండి చుట్టుపక్కల బొమ్మ పూర్తిగా, పదునుగా ఉంటుంది, ఎత్తులు అరిగి ఉండవు. ఒక పావలా మీద సంవత్సరంలోని చివరి అంకె అలా మాయమై, పక్క అంకె మాత్రం కొత్తదానిలా నిలిచి ఉంది. దాన్ని నిజమైన లోపం కిందకే చేర్చాను.

ఇక భూతద్దం. పది రెట్లు పెద్దగా చూపించేది సరిపోతుంది, అంతకన్నా ఎక్కువైతే నాణెం మొత్తం మీద దృష్టి నిలవదు. దీపాన్ని పక్కనుంచి, వాలుగా పడేలా పెట్టుకోవాలి. తిన్నగా పైనుంచి వెలుతురు పడితే గుంటకూ ఉబ్బుకూ తేడా తెలియదు. ఆ తేడాయే ఈ పని మొత్తానికి కీలకం. అచ్చు పగిలితే ఆ పగులులోకి లోహం పారుతుంది గనుక నాణెం మీద అది ఉబ్బెత్తు గీతగా వస్తుంది. బయట దేనితోనైనా గీసుకుంటే గాడి పడుతుంది, గాడిలోంచి తప్పుకున్న లోహం ఇరువైపులా సన్నని గట్టుగా లేస్తుంది. గోరుతో మెల్లగా తడిమినా ఆ గట్టు తెలుస్తుంది. అంచునుంచి మొదలై అక్షరాల మీదుగా, అచ్చులో బలహీనమైన దారి వెంట వంకరగా సాగే ఉబ్బు గీతలు రెండు మూడు నాణేల మీద కనిపించాయి. అవి అచ్చు పగుళ్ళేనని నిస్సంకోచంగా రాసుకున్నాను.

ఒక అర్ధరూపాయి అంచు దగ్గర మాత్రం పెద్ద ఉబ్బు ఉంది. అచ్చు అంచు ముక్క విరిగి ఊడిపోతే అక్కడ బొమ్మ లేకుండా ఇలాంటి ముద్దే వస్తుంది, అది సేకరణకర్తలు ఇష్టపడే లోపం. దానికి ఒక సాక్ష్యం ఉండాలి. ఒక వైపు లోహం ఆ ఖాళీలోకి పారిపోయినందువల్ల సరిగ్గా దాని వెనుక, రెండో వైపున, బొమ్మ బలహీనంగా వస్తుంది. ఈ నాణెం వెనక్కి తిప్పితే అక్కడ బొమ్మ చెక్కుచెదరలేదు. పైగా ఉబ్బు రంగు నాణెం రంగుతో కలవలేదు, దాని అడుగున బొమ్మ గీతలు లీలగా కొనసాగుతున్నాయి. అది టంకం చుక్క. మన ఇళ్ళలో నాణేలకు కొక్కెం అతికించి పిల్లల మెడలో వేయడం, మొలతాటికి కట్టడం ఎప్పటినుంచో ఉన్నదే. ఆ కొక్కెం ఊడగా మిగిలిన టంకాన్ని లోపంగా భ్రమపడడం చాలా సులభం.

అంచు కొరికినట్టున్న నాణేల దగ్గర నేను ఎక్కువ సమయం గడిపాను, ఎందుకంటే వీటికి నకళ్ళు చేయడం అందరికీ చేతనైన పని. పండుగకు కజ్జికాయలు చేసేటప్పుడు పిండిని పెద్దగా ఒత్తి మూతతో గుండ్రంగా కోస్తాం గదా, రెండోసారి మూత పెట్టినప్పుడు అది ముందు కోసిన ఖాళీ మీదికి కొంచెం జరిగితే ఒక వైపు చంద్రవంక కొరుకుతో బిళ్ళ వస్తుంది. టంకశాలలో రేకు ముందుకు సరిగా జరగనప్పుడు జరిగేదీ అదే. ఆ కొరుకు ఉన్న బిళ్ళ మీద తరువాత అంచు లేపే యంత్రం పనిచేస్తుంది, ఆ తరువాత అచ్చు దెబ్బ పడుతుంది. కాబట్టి ఆ రెండు మెట్ల జాడలూ కొరుకు దగ్గర కనబడి తీరాలి. అంచు లేపేటప్పుడు బిళ్ళను రెండు వైపులనుంచి నొక్కుతారు. ఒక వైపు లోహం లేకపోతే సరిగ్గా దాని ఎదుటి వైపున ఒత్తిడి అందక అక్కడి అంచు కూడా పలచగా, కొన్నిసార్లు అసలే లేకుండా వస్తుంది. దీన్ని గుర్తించిన వ్యక్తి పేరుతో బ్లేక్స్‌లీ ప్రభావం అంటారు. ఇక కొరుకు పక్కనున్న అక్షరాలు, దెబ్బ పడినప్పుడు అటువైపు లోహానికి అడ్డు లేనందువల్ల, కొరుకు వైపు సాగి మెల్లగా మాయమవుతాయి.

సీసాలో 25 మిల్లీమీటర్ల స్టీలు రూపాయలు రెండు ఇలా కొరుకుతో ఉన్నాయి. దూరంనుంచి చూస్తే కవలలే. మొదటిదాన్ని దీపం పక్కన పెట్టి, కొరుకును ఆరు గంటల స్థానంలో ఉంచి, పన్నెండు గంటల స్థానంలో అంచు చూశాను. అక్కడ అంచు గట్టు నలిగిపోయినట్టు సన్నబడి, రెండు పక్కలా మళ్ళీ క్రమంగా లేచింది. కొరుకు ముఖం నునుపుగా, మూలలు కొద్దిగా గుండ్రబడి ఉన్నాయి. దాని పక్కనున్న గట్టు ఒక్కసారిగా తెగకుండా సన్నగిల్లుతూ పోయింది. రెండోదానిలో ఎదుటి అంచు నిండుగా ఉంది. కొరుకు దగ్గర అక్షరం సగానికి నిలువునా తెగింది, సాగలేదు. తెగిన ముఖం మీద ఆకురాయి వదిలిన సమాంతర గీతలు, వాటి చివర పదునైన చిన్న పొరలు కనిపించాయి. మొదటిది టంకశాలది. రెండోదాన్ని ఎవరో కోసి అరగదీశారు. ఆ రెండు నాణేలనూ పక్కపక్కన పెట్టి భూతద్దం అందిస్తే, ఆ అబ్బాయి నేను ఏమీ చెప్పకుండానే తేడా పట్టుకున్నాడు.

మన సేకరణకర్తలు లఖీ అని పిలిచే నాణెం గురించి ఎంత రాసినా తక్కువే. ముద్ర పడిన నాణెం ఒక్కోసారి బయటికి పడకుండా ఒక అచ్చుకు అతుక్కుపోతుంది. తరువాతి బిళ్ళకు ఒక వైపు అచ్చు మామూలుగా తగులుతుంది, రెండో వైపు మాత్రం ఆ అతుక్కున్న నాణెం తగులుతుంది. ఫలితంగా ఒక వైపు సింహాలు ఉబ్బెత్తుగా సరిగ్గా ఉంటాయి, రెండో వైపు అవే సింహాలు గుంటగా, అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటాయి. ఇక్కడ ఒక విషయం బాగా ఆలోచించాలి. రెండో వైపు అచ్చు ఆ బిళ్ళను తాకనే లేదు. కాబట్టి నిజమైన లఖీ నాణెం మీద ఆ వైపుకు చెందిన అసలు బొమ్మ ఏ మూలా ఉండకూడదు.

సీసాలో ఇలాంటివి రెండు: ఒక రాగి నికెల్ పావలా, ఒక అల్యూమినియం పది పైసలు. నిర్ణయానికి వచ్చే ముందు నకిలీ ఎలా పుడుతుందో కళ్ళారా చూడాలనిపించింది. అయితే నాణేలను కరిగించడం, ధ్వంసం చేయడం 2011 నాటి నాణేల చట్టం ప్రకారం నేరం. అందుకని పాత హోటళ్ళలో కాఫీ టిఫిన్లకు ఇచ్చే ఇత్తడి టోకెన్లు కొన్ని సంపాదించి, ఆటోనగర్‌లో మా మేనల్లుడు నడిపే లేత్ షాపుకు వెళ్ళాను. "మావయ్యా, వీటిని పాడుచేయడానికి ఇంత దూరం వచ్చావా?" అంటూనే అతను రెండు టోకెన్లను ముఖాముఖిగా పెట్టి బెంచి వైస్‌లో బిగించాడు. వైస్ ఒత్తిడికి పైపై జాడ మాత్రమే పడింది. ఇనుప దిమ్మె మీద పెట్టి సమ్మెటతో కొట్టినప్పుడు స్పష్టమైన తిరగబడిన అక్షరాలు గుంటగా పడ్డాయి. ఆ టోకెను చూసినప్పుడు నాకు మూడు సంగతులు తెలిశాయి. తిరగబడిన అక్షరాల అడుగున అసలు అక్షరాలు చదునై ఇంకా కనిపిస్తున్నాయి. దిమ్మెకు ఆనిన రెండో ముఖం మీద ఎత్తైన భాగాలు నలిగి నిగనిగలాడాయి. అంచు బయటికి పొంగి వ్యాసం కొద్దిగా పెరిగింది.

ఇంటికి వచ్చి పది పైసల బిళ్ళ చూస్తే ఆ మూడూ ఉన్నాయి. మెత్తని అల్యూమినియం కావడంవల్ల ఒక్క గట్టి దెబ్బ సరిపోయి ఉంటుంది. తిరగబడిన సింహాల కాళ్ళ దగ్గర పది అంకె చదునుగా, దయ్యంలా తొంగిచూస్తోంది. పావలా దగ్గరికి వచ్చేసరికి అన్నీ తారుమారయ్యాయి. గుంటగా ఉన్న సింహాల నేల అంతా ఒకే మెరుపుతో నునుపుగా ఉంది, 25 అంకె జాడ లేదు. ఉబ్బెత్తు వైపు సింహాల జూలు వెంట్రుకలు విడివిడిగా నిలిచి ఉన్నాయి. బరువు 2.5 గ్రాములకు అతి దగ్గరగా తూగింది, వ్యాసం 19 మిల్లీమీటర్లు. ఆ సీసా మొత్తంలో నేను చేతిలో పట్టుకుని ఎక్కువసేపు చూసిన నాణెం అదే. కిరాణా కొట్టు హడావుడిలో, ఏ పుస్తకమూ చదవకుండా, దాన్ని చిల్లరలోంచి వేరుచేసిన ఆ పెద్దాయన చూపును నేను మనస్ఫూర్తిగా గౌరవిస్తున్నాను.

బొమ్మ బొరుసుల పొత్తు చూడడం తేలిక. మన నాణేన్ని నిలువుగా పట్టుకుని, పక్కకు తిప్పితే వెనుక బొమ్మ కూడా నిటారుగానే ఉండాలి. అచ్చు వదులై తిరిగిపోతే వెనుక బొమ్మ వాలుగానో, తలకిందులుగానో వస్తుంది. దీన్ని బయట చేయడం సాధ్యం కాదు, రెండు నాణేలను చెక్కి అతికిస్తే తప్ప. ఆ అనుమానం ఉంటే గచ్చు మీద మెల్లగా వేసి మోత వినాలి. అతికించినదానికి ఖంగుమనే మోత రాదు, గట్టు లోపలి వైపున సన్నని అతుకు గీత భూతద్దంలో దొరుకుతుంది. రెండు వైపులా బొమ్మే ఉన్న రూపాయి ఒకటి సరిగ్గా ఆ గీతతోనే పట్టుబడింది. అది గారడీవాళ్ళ నాణెం.

అంకెలు రెండేసిగా కనిపించే అయిదు రూపాయల బిళ్ళలు కొన్ని ఉన్నాయి. అచ్చును తయారుచేసే దశలోనే, దాని మీద బొమ్మను దించే మూలముద్ర రెండుసార్లు కాస్త జరిగి పడితే, ఆ అచ్చుతో వచ్చిన నాణేలన్నింటి మీదా రెండు గుండ్రటి, పూర్తి ఎత్తున్న గీతలు, వాటి మధ్య చీలిక ఉంటాయి. మా దగ్గరున్నవాటిలో రెండో గీత చదునైన మెట్టులా ఉంది, అసలు అంకె ఆ మేరకు సన్నబడింది. దెబ్బ పడిన వెంటనే వదులుగా ఉన్న అచ్చు కదలడంవల్ల వచ్చేది ఇది. జరిగింది టంకశాలలోనే అయినా దీన్ని గట్టి సేకరణకర్తలు లోపాల లెక్కలో వేసుకోరు, నేనూ వేయలేదు.

పది రూపాయల నాణేల మీద మన ఊళ్ళలో ఉన్నన్ని అపోహలు మరే నాణెం మీదా లేవు. పది గీతలుంటే అసలు, పదిహేనుంటే నకిలీ అని దుకాణాల్లో తీసుకోవడం మానేసిన రోజులు నాకు బాగా గుర్తున్నాయి. 2018 జనవరిలో రిజర్వు బ్యాంకు పద్నాలుగు రకాల డిజైన్లూ చెల్లుతాయని ప్రకటించిన తరువాత కూడా ఆ జంకు పూర్తిగా పోలేదు. ఈ నాణెం వలయమూ, మధ్య బిళ్ళా వేరువేరు లోహాలు. రెండింటినీ కలిపి ప్రెస్సులో పెడితే ఆ దెబ్బకే ఒకదానిలోకి ఒకటి బిగుసుకుంటాయి. మధ్య బిళ్ళ పక్కకు జరిగి ఉండగా దెబ్బ పడితే అది నిజమైన లోపం. అప్పుడు అచ్చులోని గీతలు వలయం మీదినుంచి బిళ్ళ మీదికి తెగకుండా సాగుతాయి, ఎందుకంటే రెండింటి మీదా ఒకే క్షణంలో ఒకే అచ్చు పడింది. సీసాలో ఒక నాణేనికి మధ్య బిళ్ళ తిరగబడి ఉంది. సందు చుట్టూ పనిముట్టు గీసిన గాట్లున్నాయి, వేలితో నొక్కితే బిళ్ళ కొద్దిగా కదిలింది, వలయం లోపలి అంచు ఒక చోట చిట్లి ఉంది. ఎవరో మధ్య బిళ్ళను కొట్టి ఊడదీసి తిప్పి పెట్టారు.

రైలు పట్టాల మీద పెట్టి చదును చేసినవి, బట్టలు ఉతికే యంత్రంలో దొర్లి అంచు లోపలికి ముడుచుకున్నవి, హారతి కర్పూరానికి కాలి నల్లబడి ఇంద్రధనుస్సు రంగులు తేలినవి ఎక్కువ ఆలోచన అక్కరలేకుండానే పక్కకు పోయాయి.

చివరికి నిజమైన లోపాలని నేను నిలబెట్టగలిగినవి గుప్పెడు కూడా లేవు. ఆ అబ్బాయికి అవి అప్పగిస్తూ రెండు జాగ్రత్తలు చెప్పాను. వీటిని చింతపండుతో గాని, పొడులతో గాని తోమకూడదు, తోమితే సాక్ష్యంగా ఉన్న మెరుపే పోతుంది. పాత నాణేలు కొంటామంటూ ముందుగా రుసుము, కమీషను, పన్ను కట్టమని ఫోను చేసేవారెవరికీ ఒక్క రూపాయి పంపకూడదు. రిజర్వు బ్యాంకు పేరు వాడుకుంటూ జరుగుతున్న ఈ మోసాల గురించి 2021 ఆగస్టులో ఆ బ్యాంకే ప్రజలను హెచ్చరించింది. దెబ్బతిన్న నాణేలను లోపపు నాణేలుగా అమ్మడం కూడా మోసమేనని, తండ్రిగారి సీసా నుంచి అలాంటిది ఒక్కటి కూడా బయటికి పోకూడదని గట్టిగానే చెప్పాను. అతను ఒప్పుకున్నాడు.

ప్రతి నాణేన్నీ విడివిడిగా చిన్న కవరులో పెట్టి, బరువు, వ్యాసం, అయస్కాంతానికి అంటిందా లేదా, తప్పు ఏ మెట్టు దగ్గర జరిగింది, అలా అనడానికి ఏం కనిపించింది అన్న వివరాలు కాగితం మీద రాసి జతచేశాను. ఒక అయిదు రూపాయల నాణెం కవరు మీద మాత్రం నిర్ణయం రాయలేదు. దాని మీద సింహాలకు అడ్డంగా సన్నని వంకర గాడి ఉంది. దెబ్బ పడే సమయంలో అచ్చుకూ బిళ్ళకూ మధ్య దారం పోగు చిక్కుకుంటే ఇలాంటి గాడే పడుతుంది, దానికి గట్టు ఉండదు, అడుగు నునుపుగా ఉంటుంది. ఈ గాడికీ గట్టు లేదు. అయితే నాణెం బాగా వాడినది. తీగ గీసినప్పుడు లేచిన గట్టు వాడకంలో అరిగిపోయి ఉండడానికీ అవకాశం ఉంది. గాడి రెండు కొసలూ గుండ్రంగా ఆగడం మొదటి మాటకు బలం, ఒక చోట అది ఉన్నట్టుండి లోతుగా దిగడం రెండో మాటకు బలం. అదే సంవత్సరపు నాణెం, తక్కువ అరిగినది, ఇలాంటి గాడితో మరొకటి దొరికి పోల్చి చూసేదాకా దాన్ని ఏ కుప్పలోనూ కలపకుండా విడిగా ఉంచాం.